రూట్‌మాస్టర్ చరిత్ర తెలుగులో: ఒక బస్సు కథను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: వెనుకమెట్టు

అందరికీ నమస్కారం.

లండన్‌లో 1956 ఫిబ్రవరి 8న తొలిసారి ప్రయాణికులను ఎక్కించుకుని, 2005 డిసెంబర్ 9న రోజువారీ సర్వీసుల నుంచి తప్పుకున్న రూట్‌మాస్టర్ అనే రెండంతస్తుల బస్సు మీద తెలుగులో ఒక పుస్తకం రాసే పనిలో మూడేళ్లుగా ఉన్నాను. ఈ బస్సు మీద ఇంగ్లీషులో పుస్తకాలకు కొదవ లేదు, వాటిని తెలుగులోకి దించడం నా ఉద్దేశం కాదు. రోజూ బస్సెక్కి పనికి వెళ్లే తెలుగు పాఠకుడు ఒక బస్సును ఎవరు, ఎందుకు అలా కట్టారో, అది దాదాపు యాభై ఏళ్లు రోడ్డు మీద ఎలా నిలిచిందో తన భాషలో చదువుకోవాలన్నది నా కోరిక.

ఇప్పటికి 180 పేజీలు అయ్యాయి. ఏ.ఏ.ఎం. డ్యూరంట్ నాయకత్వంలో 1947లో మొదలైన రూపకల్పన, డగ్లస్ స్కాట్ దిద్దిన రూపురేఖలు, 1954లో ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో నిలబెట్టిన మొదటి నమూనా ఆర్‌ఎం 1, 1959 నవంబర్ నుంచి ట్రాలీబస్సుల స్థానంలో కొత్త బండ్లు దిగడం, 1968లో ఉత్పత్తి ఆగిపోవడం, ఇలా కాలక్రమంలో రాసుకుంటూ వచ్చాను. వివరాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా చదివితే పెళ్లి చదివింపుల పద్దులా ఉంది: ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో తెలుస్తోంది గానీ పెళ్లి ఎలా జరిగిందో తెలియడం లేదు.

ఇంతలో మరో చిక్కు వచ్చిపడింది. లండన్ శివార్లలో కొందరు మిత్రులు కలిసి కాపాడుకుంటున్న ఒక పొడుగు రూట్‌మాస్టర్‌ను శుభ్రం చేయడానికి శనివారాల్లో వెళ్తుంటాను. మొన్న వెనుక మెట్టు దగ్గర ఒక రేకు అంచున ఎర్రరంగు పెచ్చు లేచి ఉంటే గోటితో గీకాను. కింద పాత ఎరుపు, దాని కింద లేత గోధుమరంగు పూత, దాని కింద స్పష్టంగా ఆకుపచ్చ కనిపించాయి. లండన్ చుట్టుపక్కల పల్లె మార్గాల కోసం 1965, 1966 ప్రాంతంలో వంద పొడుగు బండ్లను ఆకుపచ్చ రంగుతో కట్టిన మాట నిజమే, కానీ ఈ బస్సు నంబరు ఆ వందలో లేదు. రికార్డుల ప్రకారం ఈ నంబరు బండి పుట్టిన దగ్గర నుంచి ఎర్రదే. లోపల బాడీ సంఖ్య చెక్కిన రేకు కూడా ఈ నంబరుకు పొంతన లేని సంఖ్యనే చూపిస్తోంది. అంటే నేను మూడేళ్లుగా ఒక పేరుతో పిలుస్తూ తుడుస్తున్న బస్సు వేరొక బస్సు.

అందుకే మీ సలహా అడుగుతున్నాను. నంబరుకూ ఇనుముకూ పొంతన లేనప్పుడు దేని చరిత్ర రాయాలి? కాలక్రమాన్ని వదిలేస్తే పుస్తకాన్ని ఏ ఆధారం మీద నిలబెట్టాలి? చాసిస్ (బస్సును మోసే కింది చట్రం) లేకుండా కట్టిన బస్సు అన్న మాటను, యంత్రాల చదువు లేని పాఠకుడికి తెలుగులో ఎలా చెప్పాలి? చివరి అధ్యాయంగా 2005 నాటి ఆఖరి ప్రయాణాన్ని పెట్టుకున్నాను. 159వ నంబరు మార్గంలో ఆ రోజు జనం ఎలా కిక్కిరిసి వీడ్కోలు పలికారో వర్ణించి ముగిద్దామని అనుకున్నాను, దాని మీద కూడా మీ అభిప్రాయం చెప్పండి.


జవాబు 1: పాత వర్క్‌షాపు

వెనుకమెట్టు గారూ,

ఆకుపచ్చ పెచ్చు సంగతి చదవగానే జవాబు రాయాలని కూర్చున్నాను. నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. మీకు చిక్కుగా కనిపిస్తున్నది నాకు మాత్రం మీ పుస్తకానికి దొరికిన వెన్నెముకలా కనిపిస్తోంది.

మా పనిలో ఫ్లోట్ అనే మాట ఉంది. డిపోలో ఒక బస్సు ఇంజను అరిగితే, ఆ ఇంజను బాగయ్యేదాకా బస్సును షెడ్డులో నిలబెట్టం. సిద్ధంగా ఉంచిన మరో ఇంజనును ఎక్కించి సాయంత్రానికి బస్సును రోడ్డెక్కిస్తాం. విప్పిన ఇంజను వర్క్‌షాపుకు పోతుంది, బాగై వచ్చాక మూడో బస్సుకు ఎక్కుతుంది. ఇంజనుకూ, గేరుబాక్సుకూ మేము పాటించిన ఈ పద్ధతిని లండన్ వాళ్లు ఆల్డెన్‌హామ్ వర్క్‌షాపులో మొత్తం బస్సుకే పాటించారు. ఓవర్‌హాలుకు వచ్చిన బండిని బాడీ వేరు, కింది భాగాలు వేరు చేసి వేర్వేరు వరుసల్లోకి పంపేవాళ్లు. ఒక్కో భాగం బాగయ్యే కాలం ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, ముందుగా సిద్ధమైన బాడీని ముందుగా సిద్ధమైన ఫ్రేముల మీద కూర్చోబెట్టేవాళ్లు. రోడ్డు పన్నూ ఫిట్‌నెస్ పత్రమూ నంబరు మీద ఉంటాయి గనుక, నంబరు వారాల తరబడి ఖాళీగా కూర్చుంటే నష్టం. అందువల్ల లోపలికి వచ్చిన బస్సు నంబరును అప్పుడే తయారై బయటికి పోతున్న బస్సుకు తగిలించేవాళ్లు. మీ నంబరు ఏదో ఒక రోజు ఆల్డెన్‌హామ్ గేటు లోపలికి ఎర్రబండి మీద పోయి, ఒకప్పటి ఆకుపచ్చ బాడీ మీద బయటికి వచ్చి ఉంటుంది. 1970లో ఆ ఆకుపచ్చ బండ్లు లండన్ కంట్రీ అనే వేరే సంస్థకు పోయాయి, ఆ దశకం చివర్లో నగరం బస్సులు నడిపే లండన్ ట్రాన్స్‌పోర్టు సంస్థ వాటిని తిరిగి కొనుక్కుని ఓవర్‌హాలు చేయించి ఎర్రరంగు వేయించింది. మీరు గీకిన పొరల వరుస ఈ కథతో సరిపోతుంది.

ఊళ్లో రథానికి చక్రం మారుస్తారు, ఇరుసు మారుస్తారు, పైన చెక్కడపు పని కూడా కొత్తగా చేయిస్తారు, అయినా అది ఆ స్వామి రథమే అంటాం. ఆల్డెన్‌హామ్‌లో జరిగింది అంతకంటే ఒక అడుగు ముందుకు పోయింది. పక్క ఊరి రథం పైభాగం ఈ ఊరి ఇరుసు మీద కూర్చుంది, పేరు మూడో ఊరిది తగిలింది. ఇది మోసం కాదు. వేల బండ్లు అన్నీ ఒక్కటే అయ్యేలా, ఏ బాడీ ఏ ఫ్రేము మీదైనా అంగుళం తేడా లేకుండా కూర్చునేలా ముందే ఆలోచించి కట్టినందువల్ల సాధ్యమైన పని. రూట్‌మాస్టర్‌లో ఇంజనూ స్టీరింగూ ముందు సస్పెన్షనూ మోసేది ఏ-ఫ్రేము, వెనుక యాక్సిల్‌ను (ఇరుసును) మోసేది బి-ఫ్రేము, రెంటినీ కలిపి నిలబెట్టేది బాడీయే. బోల్టులు విప్పితే మూడు ముక్కలు. ఆ మూడు ముక్కల వల్లే అది అన్నేళ్లు బతికింది.

కాబట్టి నా సలహా ఇది. పుస్తకాన్ని డ్రాయింగు బల్ల దగ్గర కాకుండా ఆల్డెన్‌హామ్ గేటు దగ్గర మొదలుపెట్టండి. లోపలికి వచ్చిన ఒక బస్సును మొదటి అధ్యాయంలో విప్పండి. విప్పుతున్నప్పుడు ఒక్కో భాగం చేతికి వచ్చిన కొద్దీ దాన్ని ఎవరు, ఎందుకు అలా చేశారో చెప్పుకుంటూ పొండి. మీ 180 పేజీల్లోని వివరాలన్నీ వాటి వాటి చోట్లలో వచ్చి కూర్చుంటాయి. నేను కొత్తవాళ్లకు పని నేర్పినప్పుడు కూడా కొత్త ఇంజను చూపించి నేర్పలేదు, అరిగిన దాన్ని విప్పించి నేర్పాను.

ఆ స్థలం చరిత్ర కూడా వదలకండి. ఆల్డెన్‌హామ్‌ను మొదట భూగర్భ రైలు పొడిగింపు కోసం రైళ్ల డిపోగా తలపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం రాగానే అక్కడ హాలిఫాక్స్ బాంబర్ విమానాల పని పెట్టారు. లండన్ ట్రాన్స్‌పోర్టూ, మరికొన్ని వాహన సంస్థలూ కలిసి యుద్ధకాలంలో 710 విమానాలు తయారుచేశాయి. తేలికపాటి అల్యూమినియం రేకుతో బలమైన గూడు కట్టడం, ఒక భాగం స్థానంలో మరొకటి సరిగ్గా ఇమిడేలా కొలతలు పాటించడం ఆ చేతులకు అక్కడ అలవడ్డాయి. ఆ అలవాటు బస్సులోకి వచ్చింది. రూట్‌మాస్టర్‌కు ముందు తరం బస్సైన 56 సీట్ల ఆర్‌టీ ఎంత బరువుందో దాదాపు అంతే బరువులో 64 సీట్ల రూట్‌మాస్టర్ తయారైందంటే కారణం అదే.


జవాబు 2: దస్తావేజు

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఆధారాల గురించి మాత్రం రాస్తాను. చరిత్ర పాఠాలు చెప్పడం నా వృత్తి.

నంబరు చరిత్ర వేరు, బాడీ చరిత్ర వేరు, మోడల్ చరిత్ర వేరు అని పుస్తకం మొదట్లోనే పాఠకుడికి చెప్పి, ఆ మూడు మాటలను చివరిదాకా కలగాపులగం కానివ్వకండి. బస్సు అభిమానులు తయారుచేసిన జాబితాలు ఎంతో శ్రద్ధగా ఉంటాయి, అయితే వాటిలో ఎక్కువ భాగం నంబర్ల చరిత్రలే. ఇనుము ఎటు పోయిందో తెలియాలంటే వర్క్‌షాపు కార్డులు చూడాలి. లండన్ ట్రాన్స్‌పోర్టు మ్యూజియానికి కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శనశాల, యాక్టన్‌లో నిల్వ డిపో ఉన్నాయి. బోర్డు సమావేశాల పత్రాల కోసం లండన్ ఆర్కైవ్స్ (2024 దాకా దాని పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్) చూడండి. లాంకషైర్‌లోని లేలాండ్ పట్టణంలో ఉన్న వాణిజ్య వాహనాల మ్యూజియంలో తయారీ సంస్థల కాగితాలు ఉన్నాయి. రూట్‌మాస్టర్ యాంత్రిక భాగాలు కట్టిన ఏఈసీ సంస్థ 1962లో లేలాండ్ చేతికి పోయింది. సౌథాల్‌లోని ఆ కర్మాగారం 1979లోనూ, బాడీలు కట్టిన పార్క్ రాయల్ 1980లోనూ మూతపడ్డాయి. కర్మాగారం మూతపడినప్పుడు కాగితాలు చెల్లాచెదురవుతాయి కాబట్టి, ఏది ఎక్కడ దొరికిందో తేదీతో సహా రాసిపెట్టుకోండి.

అక్షరాలతో, అంకెలతో జాగ్రత్త. ఒక ఉదాహరణ చెప్తాను. 1950 దశకంలో మూడో నమూనాను ఆర్‌ఎంఎల్ 3 అన్నారు, అందులో ఎల్ అంటే లేలాండ్. 1961లో 72 సీట్ల పొడుగు బండ్లు 24 వచ్చినప్పుడు మొదట వాటికి ఈఆర్ అని పేరు పెట్టాలనుకుని, తర్వాత ఆర్‌ఎంఎల్ అన్నారు, ఇక్కడ ఎల్ అంటే పొడుగు. ఒకే మూడక్షరాలు, రెండు అర్థాలు. పాత కాగితంలో ఆర్‌ఎంఎల్ అని కనిపించగానే పొడుగు బండి అనుకుంటే తప్పులో కాలేస్తారు.

మొత్తం ఎన్ని కట్టారన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. కొన్ని చోట్ల 2,760 అనీ, కొన్ని చోట్ల 2,876 అనీ కనిపిస్తుంది, రెండూ అబద్ధం కావు. లండన్ నంబర్ల వరుస 2,760 దగ్గర ఆగింది. ఆ వరుసకు బయట బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ విమాన ప్రయాణికుల కోసం కట్టినవి 65, ఇంగ్లండు ఈశాన్యంలోని నార్తర్న్ జనరల్ సంస్థకు కట్టినవి 50, వెనుక ఇంజనుతో ప్రయోగంగా కట్టిన ఎఫ్‌ఆర్‌ఎం 1 ఒకటి. ఇవన్నీ కలిపితే 2,876. ఇలాంటి లెక్కను పాఠకుడి ఎదురుగా కూడి చూపించండి. ఊరికే అంకె చెప్తే నమ్మాలి, కూడి చూపిస్తే తెలుస్తుంది.

జనం జ్ఞాపకాన్ని కూడా పరీక్షించి వాడండి. 1963లో వచ్చిన ఒక ప్రసిద్ధ బ్రిటిష్ పాటల సినిమాలో కుర్రవాళ్లు ఎర్రబస్సు వేసుకుని యూరప్ అంతా తిరుగుతారు. అది రూట్‌మాస్టర్ అని చాలామంది ప్రమాణం చేసి చెప్తారు, నిజానికి అది అంతకు ముందు తరం ఆర్‌టీ. ఇందులో జనం తప్పేమీ లేదు. ఆర్‌టీ కుటుంబం బస్సులు దాదాపు ఏడు వేలు తిరిగాయి. నగరం ముఖానికి అలవాటైన ఆ రూపాన్నే రూట్‌మాస్టర్ కొనసాగించింది కాబట్టి, రెండూ మనసులో ఒక్కటైపోయాయి. ఈ కలిసిపోవడమే ఒక అధ్యాయానికి తగిన విషయం.

ఇక ముఖ్యమైన మాట. మీ 180 పేజీల గురించి మీరు చెప్పినదాంట్లో కండక్టర్ ఎక్కడా నాకు కనిపించలేదు. ఈ బస్సులో డ్రైవరు ముందు ఒంటరి గదిలో ఉంటాడు, లోపలి నుంచి అతని దగ్గరికి దారి లేదు. వెనుక తెరిచి ఉన్న మెట్టు, పైకి పోయే మెలితిరిగిన మెట్లు, రెండంతస్తుల జనం, వీటన్నిటినీ నడిపింది కండక్టరే. మన కండక్టరు "రైట్ రైట్" అన్న చోట అక్కడ తాడు రెండుసార్లు లాగితే గంట రెండుసార్లు మోగేది. లండన్ ట్రాన్స్‌పోర్టు 1956 నుంచి బార్బడోస్ దీవికి వెళ్లి నేరుగా మనుషులను పనిలోకి తీసుకుంది. ఓడ ఖర్చును బార్బడోస్ ప్రభుత్వం అప్పుగా ఇస్తే వాళ్లు జీతంలోంచి తీర్చుకున్నారు. రూట్‌మాస్టర్ మొదటి ప్రయాణమూ, ఈ నియామకాలూ ఒకే ఏడాది మొదలయ్యాయి. ఆ బస్సును నడిపిన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో రాయకపోతే అది సగం చరిత్రే. ఆ తరం వాళ్లను కలిసే అవకాశం దొరికితే, "మీ అనుభవాలు చెప్పండి" అని అడగకండి. గిబ్సన్ టికెట్ యంత్రం ఒకటి సంపాదించి చేతికివ్వండి. 1953 నుంచి 1993 దాకా లండన్ కండక్టర్ల ఛాతీ మీద వేలాడిన యంత్రం అది. పిడి తిప్పితే ఉత్త కాగితపు చుట్ట మీద ధర అచ్చై వచ్చేది. వేళ్లు ఆ చక్రాల మీద పడగానే ఏ మార్గంలో ఏ స్టేజీకి ఎంతో నోటికి వస్తుంది, అక్కడి నుంచి మాట దానంతట అదే సాగుతుంది. మా ప్రాంతపు పాత కండక్టర్లతో మాట్లాడినప్పుడు టికెట్ల పెట్టె చేతికిచ్చి నేను ఇలాగే చేశాను.


జవాబు 3: ఊతకర్ర

మీ ప్రశ్నలో ఆఖరి భాగానికి మాత్రమే జవాబు రాస్తున్నాను.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు బలహీనపడింది. చదువుకోసం లండన్‌లో ఉన్న రెండేళ్లూ, మీరు రాస్తున్న బస్సు నా కళ్ల ముందు నుంచి రోజుకు పదిసార్లు వెళ్లేది. నేను దాన్ని ఒక్కసారే ఎక్కాను. మెట్టు మీద నిలబెట్టిన ఆ తెల్లటి స్తంభాన్ని ఒక చేత్తో, కర్రను మరో చేత్తో పట్టుకుని ఎక్కాను. కండక్టరు ఎంతో మంచి మనిషి, నేను కూర్చునేదాకా గంట కొట్టలేదు. దిగేటప్పుడు మాత్రం తలుపు లేని ఆ అంచు దగ్గర నిలబడి, బస్సు మలుపు తిరుగుతుంటే పట్టు జారుతుందేమోనని పడిన భయం ఇప్పటికీ గుర్తుంది. చక్రాల కుర్చీలో ఉండే నా స్నేహితురాలికి ఆ ఒక్కసారి కూడా లేదు.

అందువల్ల ఆఖరి ప్రయాణాన్ని వీడ్కోలు కన్నీళ్లతో మాత్రమే ముగించకండి. 1995లో బ్రిటన్‌లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 2017 నాటికి రెండంతస్తుల సర్వీసు బస్సులన్నీ చక్రాల కుర్చీ ఎక్కడానికి వీలుగా ఉండాలి. నేల ఎత్తు తగ్గి, తలుపుకు ర్యాంపు వచ్చిన బస్సు తొలిసారి నా దగ్గర ఆగినప్పుడు నాకు కలిగిన ఆనందం కూడా ఈ బస్సు చరిత్రలో భాగమే. రూట్‌మాస్టర్‌ను ప్రేమించే మీలాంటివారు ఈ మాట రాస్తే, దానికుండే బరువు వేరు.

అయితే రూట్‌మాస్టర్ పోవడానికి ఇదొక్కటే కారణమని రాసినా తప్పవుతుంది. కండక్టరు లేకుండా డ్రైవరే టికెట్లిచ్చే పద్ధతిని రెండంతస్తుల బస్సులకు 1966లో అనుమతించారు. 1968 రవాణా చట్టం అలాంటి కొత్త బస్సులు కొనడానికి ప్రభుత్వ సాయం ఇచ్చింది. అంటే ఉత్పత్తి ముగిసే నాటికే ఈ బస్సు భవిష్యత్తు నిర్ణయమైపోయింది. దాని స్థానంలో 1971 నుంచి వచ్చిన డీఎంఎస్ బస్సులు పదేళ్లు గడవకముందే అమ్మకానికి పోసాగాయి, పాత రూట్‌మాస్టర్‌లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అది ఎందుకు జరిగిందో పాత వర్క్‌షాపు గారు చెప్పిన మూడు ముక్కలతో కలిపి ఆలోచిస్తే మీకు మంచి అధ్యాయం దొరుకుతుంది.


జవాబు 4: మాటల మూట

చాసిస్ ప్రశ్నకు నాకు తోచింది రాస్తాను. పారిభాషిక పదం వెతకకండి, పోలిక వెతకండి.

మామూలు బస్సు గూడుబండి లాంటిది. గూడు తీసేసినా కింద బండి బండిగానే ఉంటుంది, ఎద్దులను కడితే నడుస్తుంది. బలమంతా కింది చట్రంలో ఉంది, గూడు ఎండకూ వానకూ మాత్రమే. రూట్‌మాస్టర్ పడవ లాంటిది. పడవలో పలకలు వేరు, బలం వేరు కాదు. పక్కలూ అడుగూ కలిసి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటమే పడవ. గోదావరి ఒడ్డున పడవ కట్టడం చూసిన పాఠకుడికి ఈ ఒక్క మాట చాలు. విమానం కూడా అంతే గనుక, బాంబర్లు కట్టిన చేతులు ఇలాంటి బస్సు కట్టడంలో ఆశ్చర్యం లేదని అతనే అనుకుంటాడు. ఈ పోలిక ఒకసారి చెప్పాక చాసిస్, ఫ్రేము, యాక్సిల్, గేరుబాక్సు అనే మాటలను అలాగే వాడండి. మెకానిక్ నోట్లో ఉన్న మాట తెలుగు మాటే. ఎవరూ పలకని సంస్కృత సమాసం పెట్టి పాఠకుణ్ని దూరం చేసుకోవద్దు.

రంగుల పేర్ల దగ్గర మాత్రం కాస్త ఆగి శ్రమపడండి. కిటికీల కింద ముదురు బుర్గండీ, కిటికీల చుట్టూ చైనీస్ గ్రీన్, కప్పుకు సుంగ్ ఎల్లో అని డగ్లస్ స్కాట్ ఎంచుకున్న లోపలి రంగులకు పేర్లున్నాయి. వాటి పేర్లు చెప్పి ఊరుకుంటే మన పాఠకుడి కంటికి ఏమీ కనిపించదు. పొగచూరిన లండన్‌లో, సిగరెట్ పొగతో నిండే పై అంతస్తుకు ఆ పసుపు ఎందుకు నప్పిందో, మాసినా మాసినట్టు కనిపించకుండా సీటు గుడ్డ మీద గళ్లు ఎందుకు నేయించారో చెప్తే కనిపిస్తుంది. మన ఇళ్లలో గోడకు కింద మోకాలెత్తు దాకా ముదురు రంగు, పైన లేత రంగు వేయించే ఆలోచనే అది.

"ఎర్రబస్సు" అనే మాట గురించి కూడా ఒక హెచ్చరిక. మనకు ఎర్రబస్సంటే పల్లెలకు పోయే బస్సు, ఎర్రబస్సెక్కి వచ్చాడంటే పల్లెటూరి నుంచి కొత్తగా వచ్చాడని. లండన్‌లో ఎరుపు నగరం బస్సుది, పల్లె బస్సుది ఆకుపచ్చ. మీ పెచ్చు కథ అర్థం కావాలంటే ఈ తేడాను మొదటి పేజీల్లోనే చెప్పి తీరాలి.


వెనుకమెట్టు (ప్రశ్న అడిగినవారు)

ఇంత శ్రద్ధగా రాసిన మీ నలుగురికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఈ జవాబులను మళ్లీ మళ్లీ చదివాను.

పాత వర్క్‌షాపు గారు చెప్పినట్టు ఆల్డెన్‌హామ్ గేటు దగ్గరే మొదలుపెడుతున్నాను. మొదటి అధ్యాయం ముసాయిదాలో ఒక బస్సు లోపలికి వస్తుంది, నంబరు పలక విప్పుతారు, అధ్యాయం చివర ఆ పలక వేరే బస్సుకు ఎక్కి సాయంత్రానికి బయటికి పోతుంది. లోపల మిగిలిన పేరు లేని బాడీయే తర్వాతి అధ్యాయాలకు దారి చూపుతుంది. కండక్టరు నా పేజీల్లో లేడన్న మాట నిజం, వెతికితే 180 పేజీల్లో ఏడు చోట్ల మాత్రమే కనిపించాడు. రెండో అధ్యాయం అతనికే ఇస్తున్నాను.

ఊతకర్ర గారూ, మీరు రాసింది చదివాక ఆఖరి అధ్యాయాన్ని పక్కన పెట్టేశాను. 2005 డిసెంబర్ 9 ఉంటుంది, అయితే ఆ రోజు ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ బస్సును ఎన్నడూ ఎక్కలేకపోయిన మనిషి వైపు నుంచి కూడా ఉంటుంది. మీకు అభ్యంతరం లేకపోతే, మీ అనుభవాన్ని పేరు లేకుండా వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాను.

ఈ శనివారం మళ్లీ ఆ బస్సు దగ్గరికి వెళ్తున్నాను. బాడీ రేకు మీది సంఖ్యను మైనం కాగితం మీద అచ్చు తీసుకుని, దాని వెంట కార్డులు వెతుకుతాను. ఒక్క మాట దగ్గర మాత్రం ఇంకా ఆగిపోయి ఉన్నాను. ఆ వెనుక తెరిచి ఉండే చోటును ఇంగ్లీషులో ప్లాట్‌ఫారం అంటారు. తెలుగులో ఆ మాట రైల్వే స్టేషనుకు పోతుంది. ఏమనాలి?


పాత వర్క్‌షాపు

ఫుట్‌బోర్డు అనండి. జనం వేలాడుతున్నప్పుడు మా కండక్టర్లు అరిచిన మాట అదే, "ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు" అని. మీ బస్సులో అది రెండు అడుగులు ఎక్కువ వెడల్పు, అంతే. బాడీ సంఖ్య దొరికాక ఇక్కడ రాయండి, నేను కూడా ఎదురుచూస్తుంటాను.